హేమచంద్రకు కట్టిన బాణీ

రామయ్యపట్నంలో దొంగను కొట్టరు. బాణీ కడతారు.

మా ఊళ్ళో ఒడ్డున నిలబడి అలివి వల లాగేటప్పుడు రెండు తాళ్ళకూ రెండు జట్లు ఉంటాయి. వల ఒడ్డుకు చేరాక, చేపలు పంచుకోకముందే ఎవడైనా లుంగీ మడతలో నాలుగు పెద్ద రొయ్యలు దాచుకున్నాడనుకోండి, లేదా పక్కవాడి వల తనదని బొంకాడనుకోండి, వాడి మీద పంచాయితీ పెట్టరు. తాడు దగ్గర ముందుపాట పాడే మనిషి, అంటే మా అయ్య కాశయ్య, వాడి మీద ఒక బాణీ కడతాడు. మాటలుండవు. నాలుగైదు స్వరాలు, అంతే. మర్నాటి నుంచి వాడు కిళ్ళీకొట్టుకు వెళ్ళినా, పెళ్ళి పందిట్లో కూర్చున్నా ఎవరో ఒకరు దాన్ని ముక్కుతో తీస్తారు. పోట్లాడదామంటే అందులో మాటల్లేవు. "నన్నేటన్నావురా" అని మీదకెళితే, "నానేటన్నాను మామా, పాట పాడుకుంతన్నాను" అంటారు. వాడు అందరి ముందూ తాడు పట్టుకుని "నానే సేసినాను" అన్నదాకా బాణీ ఆగదు. అన్నాక దాన్ని ఎవరూ నోటితో పలకరు.

ఇదేం శిక్ష, జైలుకన్నా నయమే కదా అనేవాళ్ళుంటారు. వాళ్ళ మీద ఎప్పుడూ బాణీ పడి ఉండదు.

నా పేరు దుర్గాభవాని. బరంపురంలో డిగ్రీ చదువుతూ కీబోర్డు నేర్చుకున్నాను. ఫోన్లలో ఆడుకునే ఆటలకు సంగీతం చేస్తాను. ఈ పని చేసేవాళ్ళు ఎంతో కష్టపడి నేర్చుకునే సంగతి ఒకటి నాకు పుట్టుకతోనే వచ్చింది. ఆటలో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క బాణీ ఉంటుంది. మనిషి తెర మీదకు రాకముందే బాణీ వస్తుంది. అదే బాణీని మెల్లగా వేణువు మీద వాయిస్తే దిగులు, డోలు వేసి తొందర పెడితే యుద్ధం, సగంలో తెంపేస్తే చావు. ఆట ఆడేవాడికి సంగీతం వింటున్నానన్న ధ్యాసే ఉండదు గానీ, బాణీ మొదలు కాగానే వాడి బొటనవేలు తెర మీద బిగుసుకుంటుంది. కిళ్ళీకొట్టు దగ్గర తన బాణీ విని బిగుసుకుపోయిన మనుషుల్ని చిన్నప్పటి నుంచీ చూశాను కాబట్టి నాకిందులో కొత్తేమీ లేదు.

హేమచంద్ర నా క్లాస్‌మేట్. బరంపురం పెద్దబజారులో అప్పడాలూ వడియాలూ హోల్‌సేల్‌గా అమ్మే కూర్మారావుగారి అబ్బాయి. కంప్యూటర్ మీద ఆటలు తయారుచేయడం వాడికి బాగా వచ్చు. బొమ్మలు వేయడం వచ్చు. మాటలు చెప్పడం ఇంకా బాగా వచ్చు. చెవులున్నాయి గానీ అవి కళ్ళజోడు నిలబడటానికే. వాళ్ళ దుకాణం మేడ మీద, ఇంగువ వాసనలో కూర్చుని ఇద్దరం కలిసి "కెరటాల కోట" అనే ఆట చేశాం. సముద్రంలో తప్పిపోయిన అన్న కోసం ఒక పిల్ల దీవి నుంచి దీవికి పడవ వేసుకుని తిరుగుతుంది. కథ వాడిది, బొమ్మలు వాడివి. సంగీతం మొదటి స్వరం నుంచి ఆఖరి స్వరం దాకా నాది. తాడు లాగే లయ మా ఊరిది, కాదనను. కానీ లయ మీద కట్టిన ఆ పిల్ల బాణీ, అన్న బాణీ, చివర్లో ఆ రెండూ ఒకదానిలోకి ఒకటి కలిసి ఆడేవాళ్ళ చేత కన్నీళ్ళు పెట్టించే చోటు, అవన్నీ నావి.

ఆటను బెంగళూరు కంపెనీ ఒకటి తీసుకుంది. జనం ఎగబడి ఆడారు. భువనేశ్వర్‌లో బహుమతి ఇచ్చారు. నన్ను పిలవలేదు. పర్వాలేదు, పేరు చెబుతాడు కదా అనుకున్నాను. ఆ సాయంత్రం మా అయ్య ఊళ్ళో సగం మందిని ఇసుకలో కూర్చోబెట్టి, ఫోన్‌ను బుట్టకు ఆనించి ఆ కార్యక్రమం చూపించాడు. హేమచంద్ర పట్టు కండువా వేసుకుని మైకు ముందుకొచ్చాడు. "సంగీతం కూడా నేనే చేశాను. మా గంజాం తీరంలో తిరిగి తిరిగి, బెస్తవాళ్ళ పాటలు ఏరుకుని కట్టాను" అన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆట చివర్లో చీమల బారులాంటి అక్షరాల్లో నా పేరు ఉంది. సహాయం, దుర్గాభవాని.

మా అయ్య ఫోన్ ఆపేసి, "నీ పేరు సెప్పడం మరిసిపోనాడేమోలే అమ్మా" అన్నాడు.

ఆ మాట నాకు చేపముల్లులా గొంతులో దిగింది. అయ్య ఊరందరికీ చెప్పుకుని, అందరినీ పిలిచి మరీ కూర్చోబెట్టాడు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి బరంపురం వెళ్ళాను.

"నా పేరెక్కడ?" అని అడిగాను.

హేమచంద్ర కంప్యూటర్ నుంచి తల తిప్పలేదు. "మీ వూరోళ్ళు తాడు లాగినప్పుడు పాడీదే కదే అది. ఎవుడు కట్టినాడో ఎవుడికి తెలుసు? ఊరి పాటకి పేరేటి?"

"తాడు ఊరిది. బాణీ నాది."

"సరే, అలగే అనుకో. ఎవుడికి సెప్పుకుంతావో సెప్పుకో, ఎల్లు."

ఎల్లు అన్నాడు కాబట్టి వెళ్ళాను. మెట్లు దిగుతూ ఉంటే నాకు ఏడుపు రాలేదు. వీడు నా కాళ్ళ మీద పడాలి అనిపించింది. పడ్డాక కూడా లేపకూడదు అనిపించింది. క్షమించడం గొప్పవాళ్ళ లక్షణమంటారు. నేను గొప్పదాన్ని కాను, కాశయ్య కూతుర్ని.

పిల్లలకు కీబోర్డు నేర్పుకుంటూ బరంపురంలోనే ఒక గదిలో ఉన్నాను. అనుకున్నట్టే వాడు వచ్చాడు. పిల్లి పాల రుచి మరిగాక గిన్నె వదులుతుందా. బెంగళూరు వాళ్ళకు రెండో ఆట కావాలి. దానికి సంగీతం కావాలి. చేతిలో ఛెనాపొడొ మిఠాయి పొట్లంతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటి భవానీ, లోపలికి రమ్మనవా? పాత ఇసయాలు మనసులో ఎట్టుకున్నావేటి?"

"ఈసారి నా పేరు వేస్తావా?"

"నానేస్తాను. ఆళ్ళు ఒప్పుకోవాల కదా. మొదటిదానికి నా పేరుంటే రెండోదానికి నీ పేరెలగేస్తారు? మూడోదానికి సూద్దాం."

"సరే, చేస్తాను" అన్నాను.

ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకుందా అని వాడికి అనుమానం రావాలి. రాలేదు. దొంగలకు తమ తెలివి మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు. పైగా ఒక కోరిక కోరాడు. రెండో ఆటలో సాహుకారు అనే పాత్ర ఉంది. పడవ బద్దలై ఒడ్డున పడ్డ పిల్లకు కొత్త పడవ ఇచ్చే దయగల వ్యాపారి. ఆ పాత్రకు వాడు తన మొహమే వేసుకున్నాడు, కళ్ళజోడుతో సహా.

"ఆ సాహుకారు వొచ్చినప్పుడల్లా మంచి బాణీ రావాల. జనం నోట్లో ఆడిపోవాల" అన్నాడు.

"ఆడుతుంది" అన్నాను.

బాణీ కట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది. దొంగ మీద కట్టే బాణీ చేదుగా ఉంటే పనికిరాదు, ఎవరూ పాడరు. తియ్యగా ఉండాలి, పసిపిల్లకు కూడా ఒక్కసారికే పట్టుబడాలి. మా అయ్య కట్టే బాణీలన్నీ ఒకే తీరున నడుస్తాయి. ఏదో మంచిమాట చెప్పబోతున్నట్టు నాలుగు మెట్లు పైకి ఎక్కుతాయి. తర్వాత టక్కున ఆగి, కాలు జారినట్టు కిందికి పడతాయి. ఆ పడటంలోనే ఉంటుంది అసలు ఎగతాళి. ఊరివాళ్ళకు ఆ జారుడు వినగానే తెలిసిపోతుంది, ఇది ఎవడి మీదో కట్టిందని. బయటివాళ్ళకు ముద్దుగా ఉంటుంది.

దాన్ని ఆటంతా చల్లాను. మొదటి దీవిలో వాన పడుతుంటే చినుకుల్లో వినిపించీ వినిపించకుండా. రెండో దీవిలో పిల్ల నిద్రపోయేటప్పుడు జోలపాటగా. పడవ తాడు విప్పేటప్పుడు, తలుపు తెరుచుకునేటప్పుడు, సంత గోలలో. ఇలా చెవికి మప్పి మప్పి, సాహుకారు తెర మీదకు రాగానే సన్నాయి మీద మొత్తం ఒక్కసారి విప్పాను. అప్పటిదాకా ముక్కలుగా విన్నది పూర్తయ్యేసరికి ఆడేవాడి ప్రాణం లేచొస్తుంది. హేమచంద్ర విని నా భుజం తట్టాడు. ఆ భుజాన్ని ఇంటికొచ్చి సబ్బుతో కడుక్కున్నాను.

ఆట వచ్చింది. నేను ఊహించినదానికి పదింతలయింది. బరంపురంలో షేర్ ఆటోవాళ్ళ ఫోన్లలో అదే. నా దగ్గర నేర్చుకునే పిల్లలు అదే వాయించమని గొడవ. పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండువాళ్ళు అదే. సాహుకారు మొహం వాడి మొహమే కాబట్టి, హేమచంద్ర పెద్దబజారులో నడుస్తుంటే అరుగుల మీది కుర్రాళ్ళు వాడిని చూసి ఆ బాణీ తీయడం మొదలుపెట్టారు.

నేను అనుకున్నది అచ్చంగా జరిగింది. కానీ వాడు మురిసిపోతున్నాడు. సినిమా హీరోలా చెయ్యి ఊపుతున్నాడు. ఎవరైనా తీయకపోతే తనే మొదలుపెట్టి అందిస్తున్నాడు. గిరి మార్కెట్ దగ్గర ఒకసారి నా కళ్ళారా చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది. కొరడాతో కొడుతుంటే వీపు గోకుతున్నారనుకునేవాడిని ఏం చేస్తాం?

రామయ్యపట్నం వెళ్ళాను. ఒడ్డున తాడు చుట్టుకుంటున్న ముసలివాళ్ళు నన్ను చూడగానే నవ్వారు. ఆటలు ఆడకపోయినా మనవల ఫోన్లలో బాణీ విన్నారు. ఆ జారుడు వాళ్ళకు కొత్తదా?

"ఎవుడికి కట్టినావే బవానీ?" అని అడిగారు. చెప్పాను. మర్నాటి నుంచి వాళ్ళూ అందుకున్నారు.

మా అయ్య మాత్రం నవ్వలేదు. వల బాగుచేసుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "తప్పు తెలిసినోళ్ళే పాడాలమ్మా. ఆడు ఒప్పుకున్న రోజు ఆళ్ళే ఆపుతారు. నువ్వు తెలీనోళ్ళ నోట్లో ఎట్టీసినావు. రేపు ఎవుడాపుతాడు?"

"ఎవరూ ఆపనక్కర్లేదు అయ్యా. నాకు కావాల్సింది అదే."

అయ్య దారం తెంపి వలలో ఇంకో కన్నం అందుకున్నాడు. ఆ చాదస్తం తర్వాత చూసుకుందాం, ముందు వాడికి తెలియాలి కదా అనుకున్నాను. తెలియని శిక్ష శిక్షే కాదు.

పట్టపగలు, బేరాల వేళ చూసుకుని దుకాణానికి వెళ్ళాను. కూర్మారావుగారు గద్దె మీద కూర్చుని ఒడియాలో ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నారు. నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళాను. హేమచంద్ర అప్పడాల కట్టల మధ్య నిలబడి ఉన్నాడు.

"నీకొకటి చెప్పాలి" అని మొత్తం చెప్పాను. లుంగీ మడతలో రొయ్యలు దాచుకున్నవాడి సంగతి చెప్పాను. బాణీకి మాటలెందుకుండవో చెప్పాను. సాహుకారు బాణీ ఎక్కడ పైకెక్కుతుందో, ఎక్కడ జారుతుందో వాడి మొహం మీదే పాడి చూపించాను.

వాడు నవ్వబోయాడు. "బెదిరిద్దామని సెప్తన్నావు."

అక్కడ బస్తాలు మోసే జగ్గన్న మా ఊరివాడు. హేమచంద్ర వాడి వైపు తిరిగాడు. "ఏరా జగ్గన్నా, నిజమేనా?"

జగ్గన్న భుజం మీది బస్తా దించాడు. చాలాసేపు తుండుతో మెడ తుడుచుకున్నాడు. "నన్నడగొద్దు బాబూ" అన్నాడు.

అది చాలింది. వాడి మొహంలో నెత్తురు దిగిపోవడం నేను చూశాను. ఎన్నాళ్ళ నుంచో నా గొంతులో ఉన్న ముల్లు ఆ క్షణాన ఊడిపోయింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఎవరో బండివాడు ఆ బాణీ ఈలవేసుకుంటూ పోయాడు. హేమచంద్ర ఉలిక్కిపడ్డాడు.

అప్పటి నుంచి వాడి బతుకు దొంగకు తేలు కుట్టినట్టయింది. ఆపండిరా అనలేడు. ఎందుకని అడిగితే చెప్పాలి. చెబితే తాను చేసింది చెప్పాలి. పెద్దబజారులో నడవడం మానేసి కారులో అద్దాలెత్తుకుని తిరిగాడు. కారు చూసి హారన్‌తో ఆ లయ కొట్టేవాళ్ళు తయారయ్యారు. ఒక అప్‌డేట్‌లో సాహుకారు బాణీ తీసేసి వేరేది పెట్టించాడు. ఆడేవాళ్ళు గగ్గోలు పెట్టారు. మా బాణీ మాకివ్వండని తిట్లు. కంపెనీ వాళ్ళు వాడికి చీవాట్లు పెట్టి పాతదే మళ్ళీ పెట్టారు. నేను గదిలో కూర్చుని ఆ తిట్లన్నీ ఒక్కొక్కటిగా, తాంబూలం వేసుకున్నంత తీరిగ్గా చదువుకున్నాను.

చివరికి వచ్చాడు. ఈసారి పొట్లం లేదు. మనిషి చిక్కిపోయాడు.

"ఏటి సెయ్యమంటావు సెప్పు" అన్నాడు.

"రామయ్యపట్నం రా. తాడు పట్టుకుని, మా అయ్య ముందు, ఊరి ముందు, నేనే చేశాను అను."

"అది తప్ప ఇంకేదైనా అడుగు."

"అది తప్ప నాకేమీ వద్దు."

వాడు నా కీబోర్డు వైపు చూశాడు. ఏదో లెక్క వేసుకున్నవాడిలా తలూపి వెళ్ళిపోయాడు. వాడు ఒడ్డుకు వస్తాడని అనుకున్నాను. రాలేదు. వారం తిరక్కుండా ఫోన్లన్నిట్లో వాడి వీడియో వచ్చింది. "కెరటాల కోట రెండు ఆటల్లోనూ మీరు విన్న సంగీతమంతా దుర్గాభవాని గారిది. ముఖ్యంగా సాహుకారు బాణీ. అది పూర్తిగా ఆమె సొంతం. ఇన్నాళ్ళూ మీరు నన్ను చూసి పాడారు. ఇక నుంచి ఆమెను చూసి పాడండి. ఆ గౌరవం ఆమెది" అన్నాడు. తప్పు అనే మాట అందులో ఎక్కడా లేదు. అదొక్కటీ గమనించాను గానీ, ఆట తెరిస్తే మొట్టమొదటి తెర మీద నా పేరు పెద్ద అక్షరాల్లో కనిపించేసరికి మిగతాదంతా మర్చిపోయాను. అయ్యకు ఫోన్ చేసి చూడమన్నాను. అయ్య అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. ఏడ్చాడు కూడా.

బరంపురంలో సన్మానం పెట్టారు. హాలు నిండిపోయింది. మా ఊరి నుంచి ఒక బస్సు కట్టించుకుని వచ్చారు. తాడు దగ్గరి ముసలివాళ్ళు, వాళ్ళ కోడళ్ళు, ఉతికిన చొక్కాల్లో మొదటి రెండు వరసల్లో కూర్చున్నారు. మధ్యలో మా అయ్య. ఈసారి పిలిచి కూర్చోబెట్టిన వాళ్ళ ముందు మా అయ్య తల దించుకోవాల్సిన పని లేదని నాకు కడుపు నిండిపోయింది. హేమచంద్ర వేదిక మీద ఒక చివర కూర్చున్నాడు. వాడి ఓటమిని వాడే దగ్గరుండి చూడాలని నేనే పిలిపించాను.

నా పేరు చదివారు. లేచి మైకు దగ్గరకు నడుస్తుండగా హేమచంద్ర నాకన్నా ముందు అక్కడికి చేరాడు. "చప్పట్లు అందరూ కొడతారు. ఈమెకు ఈమె బాణీతోనే స్వాగతం చెబుదాం" అన్నాడు. చేత్తో లయ వేస్తూ తనే మొదలుపెట్టాడు.

హాలంతా లేచింది. పిల్లలు, తల్లులు, కాలేజీ కుర్రాళ్ళు, ఒడియావాళ్ళు, తెలుగువాళ్ళు, అంతమంది నా మొహంలోకి చూస్తూ, ఎంతో ప్రేమగా, నోళ్ళు మూసుకుని ఆ బాణీ తీశారు. నాలుగు మెట్లు పైకెక్కింది. ఆగింది. జారింది. మళ్ళీ ఎక్కింది. ఎవరి కళ్ళలోనూ ఎగతాళి లేదు. ఇకపై బస్సులో, సంతలో, నేను ఎక్కడ కనిపిస్తే అక్కడ ఇదేనని నాకప్పుడు తెలిసింది. వీళ్ళనెవరు ఆపుతారు? ఆపండి అంటే ఎందుకో చెప్పాలి. ఇంతమంది చేత దొంగ బాణీ పాడించింది నేనేనని చెప్పాలి.

మొదటి రెండు వరసలు మాత్రం లేవలేదు. మా ఊరివాళ్ళకు ఆ పాటకు ఒక్కటే అర్థం, ఎవరి మొహం మీద పాడితే వాళ్ళే దొంగ. ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా అయ్య తల దించుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, నేల చూస్తూ కూర్చున్నాడు.

హేమచంద్ర నా పక్కనే నిలబడి, నా కళ్ళలోకి చూస్తూ, ఒక్క స్వరం తప్పకుండా చివరిదాకా పాడాడు. నేను జనానికి చేతులు జోడించాను.